బ్రేకు ఎక్కడుంది?

పోయిన ఆదివారం పొద్దుటే మా రామచంద్రపురం బస్టాండు పక్క టీ కొట్టు దగ్గర ఓ చిన్న కురుక్షేత్రం జరిగింది. కారణం రాజ్యమూ కాదు, ఐదూళ్ళూ కాదు. ఒకే ఒక్క మాట. ‘బ్రేక్ డాన్సు’ అన్న మాట.

ఒక పక్షాన కాకినాడలో ఇంజనీరింగు చదివే కుర్రాడు. చేతిలో ఫోను, చెవిలో పాట, నాలిక చివర ప్రపంచ జ్ఞానం. రెండో పక్షాన మందుల షాపు నడిపే నా ఈడు మనిషి. ఒకప్పుడు అభిమాన సంఘం జెండా మోసి, రిలీజు రోజున లైన్లో చొక్కా చింపుకుని, ఆ పాత సభ్యత్వ కార్డు ఇప్పటికీ పర్సులో దాచుకున్న రకం.

“బ్రేక్ డాన్స్ అనకూడదంకుల్. బ్రేకింగ్ అనాలి. ఆ లెక్కన చిరంజీవి చేసింది అసలు బ్రేకింగే కాదు” అన్నాడు కుర్రాడు.

“ఏంట్రా అబ్బాయ్? మళ్ళీ అను!” అంటూ మావాడు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మా గోదావరి జిల్లాల్లో టీ సగం ఉండగానే గ్లాసు కింద పెట్టారంటే వ్యవహారం ముదిరిందనే లెక్క.

సరిగ్గా అప్పుడే నేను వెళ్ళాను, నా ఖర్మ కాలి. “ఇదిగో రైటరుగారొచ్చారండోయ్! సినిమా పత్రిక్కి రాస్తారు కదా, ఆయన్నే చెప్పమనండి” అన్నారెవరో. ఎవరి పక్షం మాట్లాడినా రెండో వాళ్ళతో చెడుతుంది. అందుకని తీర్పు వాయిదా వేసి, పత్రికలోనే చెబుతానని తప్పుకున్నాను. ఇదిగో, చెబుతున్నాను. నవ్వులాటగా మొదలైన ఈ తగువు నన్ను 1988 దాకా లాక్కుపోయింది. అక్కడ నేను చేసిన ఓ నిర్వాకం ఉంది. అది కూడా ఈ వారం ఒప్పేసుకుంటాను.

ముందు మాట సంగతి తేలుద్దాం.

బ్రేక్ అనగానే మనం ఏమనుకున్నాం? విరగడం. ఒళ్ళు విరిచినట్టు ఆడతారు గనక బ్రేక్ డాన్సు. మా కుర్రతనంలో ఊరు ఊరంతా అలాగే అనుకుంది. మా వీధిలో కూచిపూడి నేర్పే ఓ పెద్దాయన ఉండేవారు. “ఒరేయ్, అమెరికావాడు నిన్నగాక మొన్న విరిచాడు. మన కృష్ణుడు ఏనాడో మూడు చోట్ల విరిగి వేణువు పట్టుకున్నాడు. త్రిభంగి అంటే ఏమిటనుకున్నావ్? భంగం అంటే విరుపేగా!” అని మా నోళ్ళు మూయించేవారు. చమత్కారం బాగానే ఉంది. కాని బ్రేక్‌కి అసలు అర్థం అది కాదు.

అసలు బ్రేకు ఒంట్లో లేదండీ. పాటలో ఉంది!

1973 ఆగస్టు 11. న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేట. సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు అపార్టుమెంటు. సిండీ కాంబెల్ అనే అమ్మాయి బడి తెరిచే వేళకి కొత్త బట్టలు కొనుక్కోవాలని, డబ్బుల కోసం ఓ పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు టిక్కెట్టు. రికార్డులు వేసినవాడు ఆ పిల్ల అన్న క్లైవ్. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్ళది. పేటలో అతని పేరు కూల్ హెర్క్.

ఈ హెర్క్ ఓ చిత్రం కనిపెట్టాడు. పాట మొత్తానికీ జనం ఒకే ఊపుతో ఆడటం లేదు. పాడేవాడు ఆగిపోయి, మిగతా వాయిద్యాలన్నీ తప్పుకుని, డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాలుంటాయి చూశారూ, దాని కోసం కాచుకుని కూర్చుని అప్పుడు దూకుతున్నారు అసలైన ఆటగాళ్ళు. రికార్డులో ఆ ముక్క పేరే బ్రేక్. మన లెక్కలో చెప్పాలంటే పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్టు, అందులోనూ ఒట్టి దరువు మాత్రమే వినిపించే చోటు. హెర్క్ ఏం చేశాడంటే ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టాడు. ఒకదాని మీద బ్రేకు అయిపోగానే రెండోదాని మీద అదే బ్రేకు అందుకునేవాడు. కొన్ని సెకన్ల ముక్క కావాల్సినంతసేపు సాగేది. ఆ ముక్క మీద ఆడే పిల్లలు బీ-బాయ్‌లు, బీ-గర్ల్స్. ‘బీ’ అంటే బ్రేకే. వాళ్ళ ఆట బ్రేకింగ్.

‘బ్రేక్ డాన్స్’ అన్నది తరవాత 1980ల్లో పత్రికలూ టీవీలూ ఊరంతా తిప్పిన పేరు. అందుకే ఆ పాతకాపులకి ఆ మాట చెవిన పడితే చిర్రెత్తుకొస్తుంది. మన నాయనమ్మ పేరు పక్కింటివాళ్ళు మార్చి పిలిస్తే మనకెలా ఉంటుంది? అలాగన్నమాట.

ఇంతవరకూ మా ఇంజనీరింగు కుర్రాడు గెలిచాడు. ఇంకా ఉంది, వినండి.

బ్రేకింగులో నాలుగు భాగాలు. నిలబడి అడుగులు వేస్తూ వలయంలోకి రావడం టాప్‌రాక్. చేతులు నేల కానించి, కాళ్ళు చుట్టూ తిప్పుతూ చేసేది ఫుట్‌వర్క్. వీపు మీదా, తల మీదా, చేతుల మీదా గిరగిరా తిరిగేవి పవర్ మూవ్‌లు. చివర్న ఠక్కున ఏదో ఒక వింత భంగిమలో బిగుసుకుపోవడం ఫ్రీజ్. అంటే ఈ ఆట ప్రాణమంతా నేల మీదే ఉంది.

మరి మనం సినిమాల్లో చూసిన ఆ కరెంటు షాకు కొట్టినట్టు కండరాలు టపటపలాడించడం, ఒక చేతి వేళ్ళ దగ్గర మొదలైన అల రెండో చేతి వేళ్ళదాకా పోవడం, అవేమిటి? వాటి పుట్టిల్లు వేరు. కండరాన్ని బిగించి వదిలే ‘పాపింగ్’ కాలిఫోర్నియాలో ఫ్రెస్నో ఊరిది. బూగలూ శామ్ అనే కుర్రాడూ అతని జట్టు ఎలక్ట్రిక్ బూగలూస్ దాన్ని పైకి తెచ్చారు. చెయ్యి విసిరి తాళం వేసినట్టు ఆపేసే ‘లాకింగ్’ లాస్ ఏంజిలిస్‌లో డాన్ కాంబెల్ సృష్టి. న్యూయార్కు ఓ తీరం, కాలిఫోర్నియా ఇంకో తీరం. కూచిపూడినీ కథాకళినీ కలిపేసి ఒకే పేరు పెడితే ఎలా ఉంటుంది?

ఈ కలగాపులగం చేసింది మన మద్రాసు వాళ్ళే అనుకునేరు. కాదు, హాలీవుడ్డే! 1984లో ‘బ్రేకిన్’ అని ఓ సినిమా వచ్చింది. పేరులోనే బ్రేకు. అందులో ఇద్దరు ముఖ్య డాన్సర్లు షబ్బా-డూ, బూగలూ ష్రింప్. మొదటివాడు లాకింగులో దిట్ట. రెండోవాడు పాపింగులో ఘనుడు, చీపురు కట్టతో డాన్సు చేసింది అతనే. ఆ పేరుతో ప్రపంచం అంతా తిరిగిన సినిమాలోనే ఇద్దరు మొనగాళ్ళూ వేరే కొంపల వాళ్ళైతే, రామచంద్రపురం నేల టిక్కెట్టువాణ్ణి తప్పు పట్టడం ఏం న్యాయం చెప్పండి?

ఇక మనవాళ్ళ సంగతి. 1983లో మైకేల్ జాక్సన్ టీవీలో మూన్‌వాక్ చేశాడు. వెనక్కి జారే ఆ అడుగు అంతకు నలభై ఏళ్ళ ముందే, 1943 నాటి ‘కేబిన్ ఇన్ ది స్కై’ సినిమాలో బిల్ బెయిలీ అనే ఆయన వేసినదే. అయినా లోకానికి అది జాక్సన్‌దే. ‘థ్రిల్లర్’ వీడియో పూనకం మనదాకా పాకి, 1985లో చిరంజీవి ‘దొంగ’లో దెయ్యాల మధ్య పాటై వచ్చింది. 1987లో ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో ‘పసివాడి ప్రాణం’ వచ్చింది. అందులో చిరంజీవీ విజయశాంతీ చేసిన పాట పల్లవిలోనే ‘బ్రేక్ డాన్స్’ అన్న మాట ఉంది. మావాడి వాదన ఇక్కడే. “పేరు ఎవడిదైతే నాకేంటండీ? నాకా మాట నేర్పింది ఆ పాట. ఆ మర్నాటి నించి మా వీధిలో నడిచి వెళ్ళినవాడు లేడు, అందరూ జారుకుంటూనే వెళ్ళారు!” అన్నాడు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, నిజం. తెరమీద చూసినదాంట్లో పాపింగ్ పాలే ఎక్కువ కావచ్చు. కాని అంతవరకూ డాన్సు అంటే హీరోయిన్ పని, హీరో చెట్టు పక్కన నిలబడితే చాలు అనుకున్న కుర్రకారుకి తామూ ఒళ్ళు వంచవచ్చునన్న ధైర్యం ఇచ్చింది ఆ తరం పాటలే. ఆ దారిలోనే తరవాత 1994లో ‘ప్రేమికుడు’తో ప్రభుదేవా వచ్చాడు. 1997లో ‘హిట్లర్’ పాటలతో లారెన్స్ వచ్చాడు.

కాబట్టి నా తీర్పు. మాట విషయంలో కుర్రాడిది రైటు. మమకారం విషయంలో మావాడిది రైటు. టీ డబ్బులు చెరిసగం.

ఇక్కడితో ఆపేస్తే హాయిగా ఉండేది. కాని కుర్రాడు లేస్తూ లేస్తూ ఇంకో మాటన్నాడు. “ఏదేమైనా మనవాళ్ళకి అది రాదంకుల్. వాళ్ళ బ్లడ్‌లో ఉంటుంది.” ఇది మాత్రం నాకు కారంలా తగిలింది. ఎందుకో చెబుతాను.

మా వైపు తీర్థాల్లో రికార్డు డాన్సులని ఉండేవి. ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. స్టేజీ మీద సినిమా రికార్డు వేస్తారు. అచ్చం ఎన్టీఆర్‌లా ఒకడు, అచ్చం ఏఎన్నార్‌లా ఒకడు, మా రోజులకి అచ్చం చిరంజీవిలా ఒకడు దిగేవాడు. వాటి చుట్టూ అసభ్యమన్న గొడవలూ పోలీసుల అడ్డూ వేరే కథ. నేను చెప్పొచ్చేది విద్య సంగతి. రికార్డు డాన్సులో గొప్పతనం ఏమిటంటే అచ్చం దింపేయడం. అడుగు తేడా రాకూడదు. ఎంత అచ్చంగా దింపితే అంత ఈల.

బ్రేకింగులో సరిగ్గా తలకిందులు! అక్కడ ఎవడి అడుగైనా అచ్చం దింపితే దాన్ని ‘బైటింగ్’ అంటారు. అంటే కొరుక్కు తినేశాడని. దొంగతనం కింద లెక్క. నేర్చుకునేటప్పుడు చూసి నేర్చుకో, వలయంలోకి దిగేటప్పటికి నీది నువ్వు తెచ్చుకో. పైగా ఏ పాట వేస్తారో ముందుగా తెలియదు. అదీ రికార్డు మీద ఆటే, ఇదీ రికార్డు మీద ఆటే. అయినా రెండింటి నీతీ వేరు. ఈ తేడా మాకు 1988లో తెలియదు. తెలిస్తే నా స్నేహితుడి మెడ బాగుండేది.

వాడి పేరు వద్దులెండి. నా బెంచీవాడు. మేం ఇంటర్లో ఉండగా రెండేసి రూపాయలిచ్చి ఓ వీడియో పార్లర్లో ‘బీట్ స్ట్రీట్’ క్యాసెట్టు చూశాం. అది 1984 నాటి సినిమా. న్యూయార్కు కుర్రాళ్ళే స్వయంగా ఆడారందులో. ఒకడు తలకిందులుగా నిలబడి బొంగరంలా తిరిగేశాడు. మా వాడికి నిద్ర పట్టలేదు. గోడకి కాళ్ళు ఆనించి, గోనెపట్టా మీద తల పెట్టి మూడు వారాలు తంటాలు పడ్డాడు. చెప్పేవాళ్ళు లేరు. మెడ నొప్పెడుతోందిరా అంటే “నొప్పెడితేనే బ్రేకు, వచ్చేస్తోందన్నమాట” అన్నాను నేను. చూశారా, మాటకి తప్పు అర్థం చెప్పుకుంటే ఎంత పని చేస్తుందో! బ్రేక్ అంటే ఒంటిని విరవడమే అనుకున్నాం గనక, నొప్పిని విద్య అనుకున్నాం.

ఆ ఏటి వినాయకచవితి పందిట్లో మా ప్రోగ్రాం. మైకు నా చేతిలో. వాడు మూన్‌వాక్ వరకూ బ్రహ్మాండంగా చేశాడు. తల మీద తిరగడం మాత్రం వద్దన్నాడు. “స్టేజి బల్లలు కదులుతున్నాయిరా, ఇవాళ వద్దు” అని నా చెవిలో చెప్పాడు. నేను జనాన్ని చూశాను. మైకు చేతిలో ఉన్నవాడికి బుర్ర చేతిలో ఉండదు. “ఇప్పుడు మన రామచంద్రపురం కుర్రాడు తల మీద తిరుగుతాడు!” అని అరిచేశాను. ఇక వాడికి తప్పలేదు.

రెండు చుట్లు తిరిగాడు. మూడో చుట్టులో రెండు బల్లల మధ్య సందులో జుట్టో తలో చిక్కింది. ఒళ్ళు తిరిగింది, తల ఆగిపోయింది. జనం అదీ డాన్సులో భాగమే అనుకుని ఈలలు వేశారు. ఆ ఈలలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. నెల రోజులు కాకినాడ ఆస్పత్రిలో ఉన్నాడు. ప్రాణానికి గండం తప్పింది. మెడ మాత్రం ఎడం వైపు తిరగడం మానేసింది. ఇప్పుడు వాడు మా ఊళ్ళో టైలరు. ఎడంపక్క నుంచి పిలిస్తే కుర్చీతో సహా మొత్తం మనిషి తిరుగుతాడు. ఊరు వాడికి పెట్టిన పేరు ‘బ్రేకు టైలరు’. నా ఎదురుగా ఆ పేరుతో పిలిచినప్పుడల్లా నవ్వుతాడు. నేను నవ్వలేను.

అందుకనే ‘బ్లడ్‌లో ఉంటుంది’ అన్న మాట నాకు పడలేదు. మాకు లేనిది నెత్తురు కాదండీ. చెప్పే మనిషీ, చదునైన నేలా.

నమ్మకం లేకపోతే లెక్కలు చూడండి. అమెరికాలో 1980ల చివరికి ఈ మోజు తగ్గింది. కాని యూరపు కుర్రాళ్ళు వదల్లేదు. 1990లో జర్మనీలో ‘బ్యాటిల్ ఆఫ్ ది ఇయర్’ అని జట్ల పోటీ మొదలుపెట్టారు. దక్షిణ కొరియా కుర్రాళ్ళు వీడియో క్యాసెట్లు అరగదీసి నేర్చుకున్నవాళ్ళే, మాలాగే. 2002లో ఆ పోటీలో వాళ్ళ ఎక్స్‌ప్రెషన్ జట్టు గెలిచింది. 2004లో గ్యాంబ్లర్జ్, 2005లో లాస్ట్ ఫర్ వన్, రెండూ కొరియావే. ఆ దేశపు హాంగ్ టెన్ 2006లో, 2013లో, మళ్ళీ 2023లో, అంటే నలభైకి దగ్గరపడ్డాక, రెడ్ బుల్ బీసీ వన్ ప్రపంచ పోటీ గెలిచాడు. క్యాసెట్టు మాకూ వచ్చింది, వాళ్ళకీ వచ్చింది. వాళ్ళు కలిసి రోజూ సాధన చేశారు, ఒకణ్ణొకడు సరిదిద్దుకున్నారు, పక్కవాడి అడుగు పక్కన పెట్టి తమది వెతుక్కున్నారు. మేం చవితి పందిరికి ముహూర్తం పెట్టుకున్నాం.

2024లో పారిస్ ఒలింపిక్సులో మొదటిసారి ఈ ఆట పెట్టారు. పేరు బ్రేకింగ్ అనే పెట్టారు. ఆగస్టు 9న ఆడపిల్లలకి, 10న మగపిల్లలకి. ఆడపిల్లల్లో బంగారం జపాన్ అమ్మాయి ఆమీకి, వెండి లిథువేనియా పిల్ల నికాకి, కంచు చైనా అమ్మాయి 671కి. అవును, అంకెలే ఆ పిల్ల ఆటపేరు! మగవాళ్ళలో కెనడా ఫిల్ విజార్డ్, ఫ్రాన్సు డానీ డాన్, అమెరికా విక్టర్. ఆట పుట్టిన దేశానికి దక్కింది ఒక్క కంచు పతకం. మరి నెత్తుటి లెక్క ఏమైపోయింది?

లిథువేనియా జనాభా ముప్ఫై లక్షల లోపు. 2011 లెక్కల ప్రకారం మన పాత తూర్పు గోదావరి జిల్లా ఒక్కదానికే యాభై ఒక్క లక్షలు. మన జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ జనం ఉన్న దేశం నుంచి పదిహేడేళ్ళ పిల్ల వెళ్ళి వెండి తెచ్చుకుంది. ‘ఇండియా’ అన్న పేరు కూడా పారిస్ వలయంలో మోగింది. సంబరపడకండి, ఆ అమ్మాయి నెదర్లాండ్స్ పిల్ల, పేరు ఇండియా సర్జూ. నాలుగో స్థానం. మన దేశం నుంచి ఒక్కరూ అర్హత పొందలేదు. అలాగని మనకి ఎవరూ లేరని కాదు. ముంబైలో ‘ఫ్లయింగ్ మెషిన్’ పేరుతో ఆడే ఆరిఫ్ చౌదరి, బెంగుళూరులో ‘జో’గా ఆడే జోహన్నా రోడ్రిగ్స్ లాంటివాళ్ళు ఉన్నారు. 2019లో రెడ్ బుల్ ప్రపంచ ఫైనల్ మన ముంబైలోనే జరిగింది.

ఆ పారిస్‌లోనే ఇంకో సంగతి జరిగింది. మీ ఫోన్లలో చూసే ఉంటారు. ఆస్ట్రేలియా రేగన్, అసలు పేరు రేచెల్ గన్. తొమ్మిదిమంది జడ్జీలు, ఆటకి రెండు రౌండ్లు, మూడు ఆటలు. ఆమెకి ఒక్క ఓటూ పడలేదు. కంగారూలా గెంతిందని ప్రపంచం పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మనిషి. బ్రేకింగ్ మీదే డాక్టరేటు చేసింది. మాటలూ చరిత్రా అర్థాలూ ఆమెకి తెలిసినంత మా టీ కొట్టు మొత్తానికి తెలియవు. అంతా తెలిసినా వలయంలో సున్నా. కాని నాకు నవ్వు రాలేదు. ఆమె దొడ్డిదారిన పోలేదు. 2023లో తన ప్రాంతపు పోటీలో గెలిచే వెళ్ళింది. అక్కడ ఎదురుపడేవాళ్ళు కొద్దిమంది, జపాన్‌లో వీధివీధికీ ఉన్నారు. తేడా అక్కడుంది. చెరువులో ఈత నేర్చినవాణ్ణి గోదావరి వరదలో దింపి నవ్వితే ఎలా? వేలమంది ముందు సరిపడని ఆట ఆడించి ఈలలు వేయడం ఎలా ఉంటుందో నేను ఒకసారి మైకు పట్టుకుని చూశాను.

ఇప్పుడు అసలు విషయం. ఈ తగువు జరిగిన సాయంత్రం ఓ ఆటో డ్రైవరు మా ఇంటికొచ్చాడు. పొద్దున టీ కొట్టు దగ్గర అంతా విన్నాట్ట.

“మావాడండి, ఇంటర్ మొదటి సంవత్సరమండి. పొద్దుటా సాయంత్రం రైసు మిల్లు సిమెంటు కళ్ళం మీద ఫ్రిజ్జు అట్టపెట్టె పరుచుకుని దొర్లుతున్నాడండి. ఇప్పుడు తల మీద తిరుగుతానంటన్నాడు. వైజాగులో పోటీ ఉందంట, పంపమంటన్నాడు. ఆళ్ళమ్మ ఏడుస్తంది. మీరు కాస్త గట్టిగా చెప్పి మానిపించండి రైటరుగారూ” అన్నాడు.

“నేను చెబితే వింటాడా?”

“ఇంటాడండి. మీ పేజీ చదువుతాడు. ఇంతకీ ఒలింపిక్సులోంచి కూడా తీసేశారంట గదండి. ఇంక దానికి భవిష్యత్తేంటండి?”

నిజమే. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో బ్రేకింగ్ లేదు. ఉద్యోగం వస్తుందని ఆ తండ్రికి నేను హామీ ఇవ్వలేను. సినిమాల్లో వెనక వరసలో ఆడేవాళ్ళ కష్టం ఈ పేజీలో చాలాసార్లు రాసుకున్నాం. అవన్నీ ఆయనకి చెప్పాను. కాని మానెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యమని చెప్పడానికి అంతకన్నా రాలేదు. ఆ అర్హత ఉన్న మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. మర్నాడు తండ్రినీ కొడుకునీ వెంటబెట్టుకుని బ్రేకు టైలరు దగ్గరికి పోయాను.

వాడు కత్తెర ఆపి అంతా విన్నాడు. దారిలో నేను కుర్రాడికి చెప్పిన కూల్ హెర్క్ కథ, రెండు రికార్డులూ, పాటలో ఉన్న బ్రేకూ మళ్ళీ వాడికీ చెప్పాను. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆ మాట వాడి ముందు ఎత్తడానికే భయం నాకు.

వాడు కాసేపు ఏమీ అనలేదు. “అంటే పాట ఆగినప్పుడు ఆడాలన్నమాట. మనం పాట ఆగితే స్టేజి దిగిపోయేవాళ్ళం కదరా” అన్నాడు. అని నవ్వాడు. ఈసారి నాకూ కాస్త నవ్వొచ్చింది.

తరవాత కుర్రాడి వైపు కుర్చీతో సహా తిరిగాడు. “తల మీద ఎన్ని రోజుల్నించి చేస్తన్నావ్?”

“వారమండి.”

“నేర్పేవాడు ఉన్నాడా?”

“ఫోన్లో చూసి...”

“అయితే ఆపేయ్. ఆట ఆపమనట్లేదు, తల మీదది ఆపు. ముందు చేతుల మీద నిలబడ్డం రానీ. మెడకి బలం రానీ. వైజాగు వెళ్ళు, పోటీకి కాదు, చూడ్డానికి. అక్కడ వచ్చినవాణ్ణి పట్టుకుని అడుగు. కదిలే నేల మీద ఎప్పుడూ చెయ్యకు. మైకువాడు ఎంత అరిచినా సరే” అని నా వైపు చూడకుండానే అన్నాడు. చూడాలంటే మొత్తం తిరగాలిగా!

తండ్రి మాట్లాడలేదు. “వైజాగు దాకా నేనే తీసుకెల్తానండి, ఒక్కణ్ణి పంపను” అన్నాడు చివరికి. ఏడుస్తున్న ఆ తల్లికి ఏం చెబుతాడో ఆయనే చూసుకోవాలి.

లేవబోతుంటే మావాడు టేపు తీసి కుర్రాడి తల చుట్టుకొలత తీసుకున్నాడు. తల మీద తిరిగేవాళ్ళు లోపల మెత్త కుట్టిన టోపీ పెట్టుకుంటారని కుర్రాడు ఫోన్లో చూపించాట్ట. “ఇది సంవత్సరం తరవాత ఇస్తాను. అప్పుడు వచ్చి చేతుల మీద ఎంతసేపు నిలబడగలవో చూపించి తీసుకెళ్ళు” అని కొలత పుస్తకంలో రాసుకున్నాడు.

పుస్తకంలోకి తొంగి చూశాను. ఇరవై రెండు అంగుళాలు. పేరు రాసే చోట కుర్రాడి పేరు బదులు ‘బీ-బాయ్’ అని రాశాడు. కుర్రాడు చెప్పినట్టే, సరైన మాటే. వచ్చే వారం కలుద్దాం.